తర్వాత వచ్చేవాడి చేతులు

2018 అక్టోబరు 11. దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు. తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారి చూస్తే పలాస చుట్టుపక్కల మా ఉద్దానం ప్రాంతం గుర్తుపట్టేలా లేదు. కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడున్నాయి. జీడితోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. కరెంటు స్తంభాలు కూలాయి. స్తంభాల మీదుగా లాగిన ఫైబర్ కేబుల్ కూడా వాటితోపాటే మట్టిలో పడింది.

కొన్నాళ్లకు వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరికి జనరేటర్ వచ్చింది. బయట కేబుల్‌ను ఒకవైపు అతికించారు. ఇక ఊళ్లోని కేబుల్ గదిలో, గోడకు బిగించిన చిన్న రాక్‌ను లేపాలి. ఆ పని నాకు అప్పగించారు. తలుపు తీశాను. లోపల ఇరవై నాలుగు ప్యాచ్ కార్డులు, అంటే చిన్న ఫైబర్ తీగలు, అన్నీ పసుపు రంగువే, జడ ఊడిన జుట్టులా చిక్కుపడి ఉన్నాయి. ఒక్కదానికీ పేరు లేదు. ఏది పలాస వైపు నుంచి వస్తోందో, ఏది ఏ వీధికి పోతోందో చెప్పే కాగితం ముక్క లేదు.

ఒక్కో కార్డు చివర ఎర్రలైటు పెన్ను పెట్టి, రెండో చివర ఎక్కడ వెలిగిందో చూసుకుంటూ కూర్చున్నాను. గుమ్మం దగ్గర జనం. వాళ్లలో ఒక పెద్దావిడ, "బావూ, మా గుంటడు అండమాన్‌లో ఉన్నాడు. మేం బతికే ఉన్నామని ఒక్క మాట సెప్పాల. ఇంకెంతసేపు?" అని అడిగింది. పొద్దున అడిగింది. మధ్యాహ్నం అడిగింది. దీపాలు పెట్టేవేళకు అడగడం మానేసి, అరుగు మీద ఊరికే కూర్చుంది.

ఆ రాక్ కట్టింది నేనే. ఎనిమిది నెలల కిందట, ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తూ, సాయంత్రం బస్సు అందుకోవాలన్న తొందరలో కట్టాను. లైటు వెలిగింది, ఫొటో తీసి పంపాను, బిల్లు అయిపోయింది. ఆ రోజు నేను మిగుల్చుకున్న గంట, ఆ తల్లి దగ్గర ఒక పగలుగా వసూలైంది.

మర్నాడు ఇంకో ఊరు వెళ్లాను. అక్కడి రాక్ కట్టింది సోంపేట వైపు నుంచి వచ్చి మాకు పని నేర్పిన పెద్దాయన. తలుపు తీయగానే లోపలివైపు ప్లాస్టిక్ కవరులో ఒక అట్ట కనిపించింది. ప్రతి కార్డుకూ రెండు చివరలా చీటీ ఉంది. నలభై నిమిషాల్లో నెట్ వచ్చింది. ఆ నలభై నిమిషాలూ నాకు ఆయన మాటే చెవిలో వినిపించింది: "బేగి అయిపోవాలని సూడకు బావూ. నువ్వు పక్కన నేకపోయినా, రేపొచ్చినోడి సేతులకు ఇది తెలవాల."

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాట గురించే. మనం తాళం వేసుకుని వచ్చేసిన తర్వాత, మనకు తెలియని మనిషి ఆ తలుపు తీస్తాడు. మన పని ఎంత మంచిదో తేలేది అప్పుడే.

ఒక్క దారం, ముప్పై రెండు ఇళ్లు

మన ప్రాంతంలో ఇంటింటికీ వచ్చే ఫైబర్ ఎక్కువగా జీపాన్ పద్ధతిలో నడుస్తుంది. రాక్‌లో ఓఎల్‌టీ అనే పెట్టె ఉంటుంది. దాని ఒక్క పోర్టు నుంచి బయల్దేరిన ఒక్క గాజు దారం దారిలో స్ప్లిట్టర్ దగ్గర ముప్పై రెండుగానో, అరవై నాలుగుగానో చీలి ఇళ్లకు చేరుతుంది. ఇంట్లో ఉండే చిన్న పెట్టె ఓఎన్‌టీ. అంటే రాక్‌లో మీరు ఒక్క కార్డు తప్పు లాగితే ముప్పై రెండు ఇళ్లు చీకట్లోకి పోతాయి.

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోను అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. భూమిలో తవ్వకుండా, ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగడం వల్ల ఖర్చు బాగా తగ్గింది. అదే పద్ధతి వల్ల తుపాను వస్తే స్తంభంతోపాటు నెట్ కూడా పడిపోతుంది. సముద్రం పక్కన బతికేవాళ్లం కనుక కేబుల్ తెగకుండా మనం ఆపలేం. తెగిన కేబుల్ అతికాక రాక్ ఎంత తొందరగా లేస్తుందన్నది మాత్రం మన చేతిలో ఉంది.

ఉద్దానంలో ఈ పని బరువు ఇంకాస్త ఎక్కువ. ఇక్కడ ఎవరో ఒకరు వలస వెళ్లని ఇల్లు అరుదు. కోల్‌కతా, ముంబై, అండమాన్, గల్ఫ్ నుంచి వచ్చే వీడియో కాల్ కోసం రాత్రి ఎదురుచూసే ముసలివాళ్లున్నారు. 2019 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి, అక్కడి పనులు నెట్ మీద నడుస్తాయి. పలాసలో జీడిపప్పు బేరాలకు డబ్బు ఫోన్లోనే చేతులు మారుతోంది. కిడ్నీ జబ్బుతో డయాలిసిస్‌కు తిరిగే మనిషి ఇంట్లో ఫోను పలకకపోతే ఎలా ఉంటుందో మనలో చాలామందికి చెప్పక్కర్లేదు.

స్క్రూడ్రైవర్ తీయకముందు అరగంట

గదిలోకి వెళ్లగానే పెట్టెలు విప్పకండి. ముందు ఊళ్లో ఒక పెద్దాయన్ని పిలిచి, "తాతా, తుపానుకి ఈ గదిలోకి నీరెంత వరకు వచ్చింది?" అని అడగండి. ఆయన గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. మీ రాక్ అడుగుభాగం, బ్యాటరీల స్టాండు, ప్లగ్ పాయింట్లు అన్నీ ఆ చేతికి పైన ఉండాలి. ఏ మాన్యువల్‌లోనూ లేని కొలత ఇది.

తర్వాత కాగితం మీద రాక్ బొమ్మ గీయండి. ఇందులో బిగించే పరికరాల ముందు పలక వెడల్పు 19 అంగుళాలు. ఎత్తును యూల్లో లెక్కిస్తాం. 1యూ అంటే ఒకటి ముప్పావు అంగుళం, 44.45 మిల్లీమీటర్లు. 9యూ రాక్ అంటే చేతికి దొరికేది 40 సెంటీమీటర్ల ఎత్తే. ఏది ఎన్నో గడిలో కూర్చోవాలో ముందే రాసుకుంటే కేజ్ నట్లు ఒక్కసారే సరైన చోట పడతాయి. నేల మీద నిలబెట్టే రాక్‌లో యూపీఎస్ లాంటి బరువైనవి కింద పెట్టాలి, లేకపోతే ట్రే లాగినప్పుడు రాక్ ముందుకు తూలుతుంది. గోడ రాక్‌కు బ్యాటరీ బరువు వేలాడదీయకండి. దానికి కింద వేరే స్టాండు కట్టండి.

ఫైబర్ ట్రేలు పైన, వాటి కింద ఓఎల్‌టీ, ఆ కింద స్విచ్ పెడితే కార్డులు దగ్గరి దారిలో పోతాయి. పరికరం చల్లటి గాలి ఎటు నుంచి పీల్చి వేడి ఎటు వదులుతుందో చూసి, ఆ రెండు వైపులా దారి విడిచిపెట్టండి. గదిలో సముద్రం వైపు కిటికీ ఉంటే దాన్ని మూసే ఏర్పాటు చూడండి. ఒక గడి, రెండు గడులు ఖాళీగా ఉంచండి. ఊరు పెరుగుతుంది.

ఈ అరగంట వృథా అని అనిపిస్తుంది. పక్కన నిలబడ్డ ఆపరేటరు కూడా "ఇంకా మొదలెట్టలేదేటి?" అంటాడు. నవ్వి ఊరుకోండి, గీయడం పూర్తిచెయ్యండి. చేతులు కదలకపోతే పని జరగట్లేదనుకోవడం మనలో చాలామందికి చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. మొదట వదులుకోవాల్సింది దాన్నే.

ఉప్పు ఎక్కడ ఉండాలి

టెక్కలి దాటి నౌపడా వైపు వెళ్తే ఉప్పుమళ్లు కనిపిస్తాయి. మనం పీల్చే గాలిలోనూ ఆ ఉప్పే. అది ఇనప స్క్రూని ఏడాది తిరక్కుండా ఎర్రగా చేస్తుంది, రాగి లగ్గు మీద పచ్చటి చిలుము పట్టిస్తుంది. చిలుము పట్టిన చోట ఎర్తింగ్ ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ ఉండదు. పిడుగు పడిన రోజు ఆ సంగతి పరికరం చెబుతుంది.

అందుకని కళాయి పూత ఉన్న లగ్గులే వాడండి. ఎర్త్ వైరు బిగించే చోట రాక్ రంగును గీకి, మెరిసే లోహం మీద బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పలచగా రాయండి. ప్రతి పరికరానికీ విడిగా పచ్చ-పసుపు వైరు తీసి ఎర్త్ బార్‌కు కలపండి. ఒక పరికరం నుంచి ఇంకోదానికి గొలుసులా కలిపితే, మధ్యలో ఒకదాన్ని రిపేరుకు విప్పిన రోజు ఆ తర్వాతి వాటన్నిటికీ ఎర్త్ పోతుంది.

బయట ఎర్త్ గుంటలో మాత్రం ఇదే ఉప్పును బొగ్గుతో కలిపి మనమే వేస్తాం. తడిని పట్టి ఉంచడానికి. ఉద్దానం ఇసుక నేల తొందరగా ఆరిపోతుంది. ఆరిన ఇసుకలో కరెంటు దిగదు. వేసవిలో గుంటకు నీళ్లు పొయ్యమని ఆ గది చూసుకునే మనిషికి చెప్పడం కూడా ఇన్‌స్టలేషన్‌లో భాగమే. ఏ వస్తువైనా అంతే, ఉండాల్సిన చోట ఉంటే కాపాడుతుంది, చోటు తప్పితే తినేస్తుంది.

కరెంటు దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది. టెలికాం పరికరాలు చాలావరకు మైనస్ 48 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. ఇక్కడ ఎర్త్ అయ్యేది ప్లస్ వైపు. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీల రోజుల నుంచి వస్తున్న పద్ధతి ఇది. తీగ నేల కంటే మైనస్‌లో ఉంటే తడి మట్టిలో రాగి తినుకుపోదని అలా పెట్టారు. మోటారు సైకిలు బ్యాటరీలతో చెయ్యి తిరిగిన కుర్రాళ్లు మైనస్‌నే ఎర్త్ అనుకుంటారు. ఆ అలవాటు చేతితో బిగిస్తే ఖరీదైన పరికరం ఒక్క క్షణంలో పోతుంది. మీటరు పెట్టి, గుర్తు చూసి, ఇంకోసారి చూసి, అప్పుడు బ్రేకర్ వెయ్యండి. చేతి గడియారం, ఉంగరం, కడియం ముందే తీసి జేబులో పెట్టుకోండి.

పురి, మెలిక

కొబ్బరి పీచుతో తాడు పేనడం చూసినవాళ్లకు రాగి నెట్‌వర్క్ కేబుల్ గురించి సగం పాఠం వచ్చినట్టే. అందులో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా పురి పెట్టి ఉంటాయి. ఒక్కో జతకు ఒక్కో బిగువులో పురి. పక్క జతలో పోయే మాట ఈ జతలోకి చొరబడకుండా ఆపేది ఆ పురే. అందుకే జాక్ బిగించేటప్పుడు 13 మిల్లీమీటర్లకు మించి పురి విప్పకూడదు. తీగలు సర్దడం సులువని రెండు అంగుళాలు విప్పేస్తే లైటు వెలుగుతుంది, వేగం మాత్రం రాదు. కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదు. దాన్ని 230 వోల్టుల కరెంటు వైరుతో కలిపి ఒకే కట్ట కట్టకూడదు. రాక్‌లో కరెంటు ఒక పక్క నుంచి, డేటా ఇంకో పక్క నుంచి దిగాలి.

గాజు దారం స్వభావం వేరు. అందులో వెలుతురు పోయే కోర్ మందం 9 మైక్రాన్లు, మన తలవెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. దాని ముఖం మీద ఒక్క దుమ్ము రేణువు కూర్చుంటే సూర్యుడికి మబ్బు అడ్డం వచ్చినట్టే. చొక్కా అంచుతో తుడవకండి. క్లీనర్ పెన్నుతో తుడిచి, అప్పుడు పెట్టండి. పెట్టని ప్రతి పోర్టుకూ మూత ఉండాలి. మామూలు ఫైబర్‌ను 30 మిల్లీమీటర్ల వ్యాసార్థం కంటే బిగుతుగా వంచకండి, వంపు దగ్గర వెలుతురు బయటికి కారిపోతుంది. ప్లాస్టిక్ ట్యాగులతో గొంతు నొక్కినట్టు బిగించకుండా వెల్క్రో పట్టీతో, కింద వేలు దూరేంత వదులుగా కట్టండి. ఆకుపచ్చ కనెక్టర్ ముఖం 8 డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది, నీలం కనెక్టర్‌కు ఆ ఏటవాలు ఉండదు. రెండూ ఒకదాన్లో ఒకటి దూరతాయి, కానీ ముఖాలు కలవవు. దూరింది కదా అని వదిలేయకండి.

గాజు కోసి అతికించేటప్పుడు నాకు పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లు గుర్తొస్తారు. గింజ పగలకుండా పలుకు గుండుగా బయటికి రావాలి, బద్దయితే ధర పడిపోతుంది. వాళ్ల వేళ్లు వేగంగానే కదులుతాయి, కానీ వాటిలో తొందర ఉండదు. ఏళ్ల తరబడి ఒకే కదలికను సరిగ్గా చేస్తే వచ్చిన వేగం అది. మొదటి నెల నెమ్మదిగా, తప్పు లేకుండా చెయ్యండి. వేగం దానంతటదే వస్తుంది.

లైనుకు జాతకం రాయండి

బిడ్డ పుట్టిన వేళ రాసుకుంటాం కదా, లైను పుట్టిన రోజు రీడింగూ అలాగే రాసిపెట్టాలి. ఎందుకో ఒక లెక్క చూడండి. ఓఎల్‌టీ నుంచి ప్లస్ 3 డీబీఎం వెలుతురు బయల్దేరింది. ముప్పై రెండుగా చీల్చే స్ప్లిట్టర్ దగ్గర సుమారు 17 డీబీ పోతుంది. పది కిలోమీటర్ల ఫైబర్‌లో కిలోమీటరుకు 0.3 చొప్పున 3, నాలుగు కనెక్టర్లలో 1.2, ఆరు అతుకుల్లో 0.6. ఇంటికి చేరేసరికి మైనస్ 18.8 మిగలాలి. పవర్ మీటరు దాదాపు అంతే చూపిస్తే మీ పని సరిగ్గా ఉంది. మైనస్ 27 దాటితే చాలా ఓఎన్‌టీలు చూపు కోల్పోతాయి, ఎర్రలైటు వెలుగుతుంది.

ఆర్నెల్ల తర్వాత ఒకడు వచ్చి చూస్తే మైనస్ 22 ఉందనుకోండి. పుట్టిన రోజు రీడింగ్ తెలియకపోతే "బాగానే ఉంది" అని వెళ్లిపోతాడు. తెలిస్తే వెంటనే ఆగుతాడు. 3 డీబీ తగ్గడమంటే వెలుతురు సగం అయిపోవడం. ఎక్కడో ఒక వంపు, ఒక మురికి కనెక్టర్, ఉడుత కొరికిన చోటు ఉంది. నెట్ పోకముందే దాన్ని పట్టుకోవచ్చు. ఆ ఒక్క అంకె రాయడానికి మీకు పట్టేది పది సెకన్లు.

జాతకంలో ఇంకా ఇవి రాయండి: ఏ పోర్టు ఏ వీధికి, ఏ రంగు కోర్ ఎటు, స్ప్లిట్టర్ ఏ స్తంభం మీద, బ్యాటరీ పెట్టిన తేదీ, ఎర్త్ గుంట ఎక్కడ, మీరు వచ్చిన తేదీ. రంగుల వరుస నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబీ, లేతనీలం. దీన్ని మీరు నిద్రలో కూడా చెప్పగలరేమో. అయినా అట్ట మీద రాయండి, చదివేది మీరు కాకపోవచ్చు. చెమ్మకు చెదరని సిరాతో రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, తలుపు లోపల అతికించండి. ప్రతి కార్డుకూ రెండు చివరలా చీటీ ఉండాలి. ఒక చివరే రాసిన చీటీ సగం చిరిగిన అడ్రసు లాంటిది.

ఆగగలగడం కూడా నైపుణ్యమే

మన కేబుల్ కరెంటు స్తంభాల మీద ఉంటుంది కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతాను. పై తీగల దగ్గర పని ఉంటే లైన్‌మన్‌తో మాట్లాడి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ తీగలో కరెంటు ఆపామన్న అనుమతి) తీసుకోకుండా స్తంభం ఎక్కకండి. నెట్ లేదని ఊరంతా అరిచినా, పైవాడు ఫోన్లో తిట్టినా, "రెండు నిమిషాల పనే కదా" అని మీ మనసే తొందరపెట్టినా ఎక్కకండి. జనరేటర్లు తిరిగే తుపాను రోజుల్లో, చచ్చిపోయిందనుకున్న తీగలోకి ఏ ఇంటి నుంచైనా కరెంటు వెనక్కి రావచ్చు. వెలుగుతున్న ఫైబర్ చివర కంటికి ఎదురుగా పెట్టి చూడకండి, ఆ వెలుతురు మన కంటికి కనిపించదు. గాజు ముక్కల్ని డబ్బాలోనే వెయ్యండి, ఆ గదిలో చిన్నపిల్లలు ఉత్తకాళ్లతో తిరుగుతారు.

"ఎల్‌సీ వచ్చాకే ఎక్కుతాను" అని చెప్పాలంటే ధైర్యం కావాలి. ఇరవై ఏళ్ల కుర్రాడికి, కొత్త ఉద్యోగంలో, ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. దాన్ని ఇంట్లో అద్దం ముందు నిలబడి నాలుగుసార్లు గట్టిగా అని చూడండి. అవసరం వచ్చిన రోజున గొంతు వణకదు.

ఈ వారం

మీరు ఇదివరకు కట్టిన రాక్‌లలో ఒకదాని దగ్గరికి వెళ్లండి. అది మీరు కట్టలేదనుకుని తలుపు తీయండి. ఒక పోర్టు ఎంచుకుని, అది ఏ వీధికి పోతుందో ఎవరికీ ఫోన్ చెయ్యకుండా తేల్చుకోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. రెండు నిమిషాలు దాటితే ఆ మధ్యాహ్నమంతా అక్కడే కూర్చుని చీటీలు రాయండి. కూలీ ఎవరూ ఇవ్వరు. అయినా రాయండి. ఈ పని మీది కాకపోయినా పరీక్ష ఇదే. కొట్లో ఖాతా పుస్తకం రాసేవారైతే, సచివాలయంలో ఫైలు కట్టేవారైతే, ఆ పుస్తకాన్ని, ఆ ఫైలును కొత్త మనిషి చేతికిచ్చి చూడండి.

నేను ఆ పని తిత్లీ తర్వాత వచ్చిన దీపావళికి ముందే చేశాను. నేను కట్టిన ఆ పసుపు చిక్కును మొత్తం విప్పి, సర్ది, అట్ట రాసి అతికించి వచ్చాను. కొన్నేళ్లకు వేరే పని మీద ఆ ఊరు వెళ్లి, తాళం అడిగి తలుపు తీసి చూశాను. నా రాత కింద ఇంకో మూడు చేతిరాతలు ఉన్నాయి. ఒకరు బ్యాటరీ మార్చిన తేదీ వేశారు. ఒకరు కొత్త వీధికి తీసిన కోర్ రంగు రాశారు. మూడోవారు ఒక పోర్టు ఎదురుగా రెండు రీడింగులు, తర్వాత వచ్చిన ఇంకో తుపానుకు ముందుదీ తర్వాతదీ, పక్కపక్కన రాసి కింద గీత గీశారు. వాళ్లెవరో నాకు తెలియదు. జేబులోంచి పెన్ను తీసి, ఆ రోజు రీడింగ్ వాటి కింద రాసి, తలుపు వేశాను.